తెలుగు పోస్టర్‌లో అక్షరానికి ఎంత చోటివ్వాలి?

హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగా వెళ్లే బస్సులోంచి సుదర్శన్ 35 ఎంఎం థియేటర్ వైపు చూస్తే, సినిమా పోస్టర్ కంటి ముందుండేది రెండు మూడు సెకన్లే. హీరో ముఖం ఎలాగూ కంటబడుతుంది. పేరు చదవగలిగామా లేదా అన్నదే డిజైనర్ పనితనం.

పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అనేది వాడుకలో ఉన్న లెక్క. 50 అడుగుల నుంచి చదవాలంటే 5 అంగుళాలు. 30×40 అంగుళాల షీటు ఎత్తులో అది ఎనిమిదో వంతు. కానీ ఈ లెక్క ఇంగ్లిష్ పెద్దబడి అక్షరాలకు సరిపోతుంది. మనం ‘స్త్రీ’ అని రాయాలంటే స పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. అన్నిటినీ 5 అంగుళాల్లో ఇరికిస్తే స ఒంటికి రెండో రెండున్నరో మిగులుతాయి. అందుకే కొలవాల్సింది స ఒంటిని. దానికి 5 ఇచ్చి, పైనా కిందా కలుపుకొని 10 దాకా వదలాలి. టైటిల్ రెండు లైన్లయితే పై వత్తులు కింది గుడుల్లోకి దూరతాయి. సాఫ్ట్‌వేర్ ఇచ్చే 120 శాతం లీడింగ్ (లైన్ల మధ్య దూరం) చాలదు. 150తో మొదలుపెట్టి, తగులుకున్న వత్తును పక్కనున్న ఖాళీలోకి జరపాలి. బాపు సినిమా ‘సాక్షి’ (1967)తో పోస్టర్లు గీయడం మొదలుపెట్టిన ఈశ్వర్ లాంటి బ్రష్ చేతులకు ఈ సర్దుబాటు రాతతోపాటే జరిగిపోయేది. ఆ ఒడుపు ఫాంటుకు రాదు.

అవుట్‌లైన్ దగ్గర ఇంకా జాగ్రత్త. ప, వ రెండింటికీ తేడా తలకట్టు కింది సందే. ఆ సందు 4 మిల్లీమీటర్లుంటే, 2 మిల్లీమీటర్ల అవుట్‌లైన్ రెండు వైపుల నుంచీ వచ్చి పూడ్చేస్తుంది. ‘పాప’ కాస్తా ‘వావ’ అవుతుంది! ముందు సందు పెంచి, తర్వాతే అవుట్‌లైన్ వేయాలి.

రంగులకు ఒకటే పరీక్ష: డిజైన్‌ను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి కళ్లు చికిలించి చూడాలి. ఆకుపచ్చ మీద ఎర్ర టైటిల్ స్క్రీన్ మీద మెరిసినా, బూడిద రంగులో మాయమైపోతుందంటే గోడ మీదా అంతే. ఎండకు ముందు వెలిసేవి పసుపు, మెజెంటా. పాత పోస్టర్లు నీలంగా మిగిలేది అందుకే. తేదీ, థియేటర్ పేరు నలుపులోనే ఉండాలి.

పెద్ద పోస్టర్ ముక్కలుగా ప్రింటయ్యి, మైదా జిగురుతో గోడ మీదే ఒకటవుతుంది. అతుకు అర అంగుళం అటూ ఇటూ కావడం మామూలే. ఆ గీత బుగ్గ మీదుగా పోతే ఎవరికీ పట్టదు, కంటి మీదుగా పోతే మాత్రం ముఖమే మారిపోతుంది. లేఅవుట్ మొదలుపెట్టే ముందే అతుకుల గీతలు గీసుకుని, కళ్లనూ వత్తులనూ వాటికి దూరంగా పెట్టండి.