ఆకురాయికీ పోర్టల్‌కీ మధ్య మూడేళ్లు

ఐటీఐలో మా ఏటీవో (అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్) సార్ నా జాబ్‌కు, అంటే నేను ఆకురాయితో రాస్తున్న ముక్కకు, ట్రై స్క్వేర్ అనే మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నారు. "చూడు" అన్నారు. మధ్యలో అంచు ఆనుతోంది. రెండు చివర్లా సన్నగా వెలుతురు కారుతోంది. నాలుగు రోజులుగా చదును చేస్తున్నానని నేననుకున్న ఇనుప ముక్క, బోర్లించిన పడవలా తయారైందన్నమాట.

"నీ చేతులు ఊయల ఊగుతున్నాయి. తోయడం మొదలుపెట్టినప్పుడు బరువు ఎడమ చేతి మీద ఉండాలి, మధ్యకు వచ్చేసరికి రెండు చేతుల మీదా సమానంగా, చివరికి కుడి చేతి మీద. వెనక్కి లాగేటప్పుడు అసలు నొక్కకూడదు." ఆయన నా వెనక నిలబడి, నా చేతుల మీద తన చేతులు వేసి పదిసార్లు ఆకురాయి తోయించారు. రెండేళ్ల ఐటీఐ చదువులో నాకు నిజంగా అబ్బిన విద్యలో సగం ఆ పదిసార్లలోనే ఉందని ఇప్పుడు అనిపిస్తుంది.

నేను 2021లో పదో తరగతి మార్కులతో ఫిట్టర్ ట్రేడ్‌లో చేరాను. ఐటీఐ పేరు, ఊరు చెప్పను. మా యూనిట్‌లో ఇరవై మందిమి. గోడ పక్కన బెంచీలకు వైసులు, అంటే ముక్కను బిగించి పట్టుకునే పట్టుడు సాధనాలు, వరుసగానే ఉండేవి కానీ దవడలు సరిగ్గా బిగుసుకునేవి పన్నెండే. ఒకడు ఆకురాయితో రాస్తుంటే ఇంకొకడు పక్కన నిలబడి ఇనుప పొడి ఊదుతూ తన వంతు కోసం ఎదురుచూసేవాడు. ఎం.ఎస్. ఫ్లాట్ (మెత్తటి ఉక్కు పట్టీ) అయిపోతే మళ్లీ వచ్చే దాకా డ్రాయింగ్ క్లాసు. ఎనభై శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు కాబట్టి వరి కోతలప్పుడు కూడా బస్సెక్కి వచ్చేవాడిని. వచ్చి ఇనుప పొడి ఊదేవాడిని.

సార్‌కు అప్పటికి ఉద్యోగంలో చాలా ఏళ్లు నిండాయి. టీ తాగుతూ సంస్కరణల చరిత్ర చెప్పేవారు. ఐటీఐలు నడిచే ఈ క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం 1950లో మొదలైంది. 2013లో సెమిస్టర్లు పెట్టారు. 2018లో వాటిని తీసేసి మళ్లీ వార్షిక పద్ధతికి వచ్చారు. మధ్యలో 2015లో శిక్షణ విభాగాన్ని కేంద్ర కార్మిక శాఖ నుంచి తీసి కొత్తగా పెట్టిన నైపుణ్యాభివృద్ధి శాఖకు అప్పగించారు. "లెటర్‌హెడ్ మారింది, సిలబస్ మారింది, పరీక్ష పద్ధతి మారింది. ఈ వైస్ మాత్రం నేను చేరినప్పటిదే" అని బెంచీ మీద తట్టేవారు. ఆయనకు కోపం లేదు, అలవాటైపోయింది. కోపమంతా నాకే మిగిలింది.

మా బ్యాచ్‌కు థియరీ పరీక్ష కంప్యూటర్ మీద. ఓఎంఆర్ షీట్ల కాలం అప్పటికి పోయింది. నేను దీన్ని తప్పుపట్టను. పేపర్ బయటికి రావడం, షీట్లు తారుమారు కావడం లాంటి గొడవలు తగ్గుతాయి. కానీ ప్రశ్నలన్నీ నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునేవే కావడంతో, చివరి రెండు నెలలు అందరం ఫోన్లలో నమూనా ప్రశ్నలు బట్టీ పట్టాం. వెర్నియర్ కాలిపర్ లీస్ట్ కౌంట్ (అది కొలవగల అతి చిన్న కొలత) 0.02 మి.మీ. అని కళ్లు మూసుకుని నొక్కేవాళ్లం. చేతికి వెర్నియర్ ఇచ్చి కొలత చదవమంటే సగం మంది తడబడేవాళ్లు. నేనూ ఒకసారి తడబడ్డాను, దాచడం ఎందుకు.

పాస్ కావడానికి థియరీకి 33 శాతం చాలు, ప్రాక్టికల్‌కు మాత్రం 60 శాతం కావాలి. నియమం రాసిన వాళ్లు బాగానే ఆలోచించారు, చేతిపనికే బరువు ఎక్కువ ఇచ్చారు. మా ప్రాక్టికల్ రోజున ఏం జరిగిందంటే, ఒక ముక్క ఇంకో ముక్కలో చొప్పించే డవ్‌టెయిల్ ఫిట్ ఇచ్చారు. నాది బిగుతుగా దూరింది. తిరగేసి పెడితే దూరలేదు, ఒక మూల కోణం తేడా వచ్చింది. పక్కవాడిది అసలు దూరలేదు, సుత్తితో కొట్టి దించాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఇరవై జాబ్‌లనూ బల్ల మీద వరుసగా పెట్టించి, గంటలోపే మార్కులు వేసి బస్సు టైమ్ అవుతోందని వెళ్లిపోయారు. వాటిలో ఎన్నింటికి కొలత పెట్టారో నేను చూశాను. మూడింటికి.

అందరం పాసయ్యాం.

అసలు కథ ఇక్కడే మొదలైంది. 2023లో ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ దించుకుంటే అందులో నా ఇంటిపేరు లేదు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు ఉంది. ఆధార్‌లో ఒక్క అక్షరంగా కుదించి ముందు పెట్టారు. దేశమంతటికీ ఒకే పోర్టల్ కట్టినవాళ్లకు మొదటి పేరు, చివరి పేరు అని రెండే గడులు తెలుసు. మనకేమో చివర ఉండాల్సిన పేరు ముందుంటుంది. తెలుగువాళ్లకు ఇది వీసా ఆఫీసులో ఎదురయ్యే తలనొప్పి అనుకునేవాడిని, ఫిట్టర్‌కు కూడా తప్పలేదు. దరఖాస్తు, మెమో నకలు, ఆధార్ నకలు, ప్రిన్సిపాల్ సంతకంతో పై కార్యాలయానికి, అక్కడి నుంచి ఇంకా పైకి. మూడుసార్లు వెళ్లాను. మొదటిసారి సంబంధిత గుమాస్తా సెలవు, రెండోసారి సర్వర్ సెలవు. నాలుగు నెలలు పట్టింది.

ఆ నాలుగు నెలలూ అప్రెంటిస్‌షిప్, అంటే కర్మాగారంలో పని నేర్చుకునే ఏడాది, ఆగిపోయింది, ఎందుకంటే అక్కడి పోర్టల్‌లో కూడా పేరు సర్టిఫికెట్‌తో కలవాలి. అప్రెంటిసెస్ చట్టం 1961 నాటిది. 2014లో సవరించారు, 2019లో నియమాలు మార్చారు. ముప్పై మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట మొత్తం సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. కాగితం మీద చూస్తే నాకోసం కంపెనీలు వరుసలో నిలబడాలి. నిజానికి నేనే హైదరాబాద్ బాలానగర్ పారిశ్రామికవాడలో గేటు గేటుకూ తిరిగాను. చాలాచోట్ల "హెల్పర్‌గా వస్తావా, ఈరోజే రా" అన్నారు. అప్రెంటిస్ అనగానే కాంట్రాక్టు, పోర్టల్, లెక్కలు అని ముఖం తిప్పుకున్నారు.

చివరికి అచ్చులు చేసే ఒక కర్మాగారంలో పెట్టుకున్నారు. నెలకు ఏడు వేలు. ఐటీఐ పాసైన అప్రెంటిస్‌కు అప్పటి నియమాల్లో ఉన్న కనీస మొత్తం అదే. అందులో కేంద్రం వాటా పదిహేను వందలు నేరుగా ఖాతాకు వచ్చేది. నా ఖాతాకు ఆధార్ జతచేయించుకోకపోవడం నా తప్పే, అందుకే మొదటి రెండు నెలలు అది రాలేదు. గది అద్దెలో నా వాటా, భోజనం, బస్సు పాసు పోను మిగిలింది చెబితే మా అమ్మ ఏడుస్తుంది.

అయినా ఆ ఏడాది నాకు బంగారం. నన్ను ఒక పెద్దాయన కింద వేశారు. ఆయన ఐటీఐ గడప తొక్కలేదు. మొదటి రోజు నా సర్టిఫికెట్ అడగలేదు, ఒక అచ్చు ముక్క ఇచ్చి ఆకురాయితో అంచు రాయమన్నారు. రాశాను. వేలి గోటితో అంచు మీద గీసి, బర్ (అంచున మిగిలే గరుకు పొర) ఎక్కడ మిగిలిందో చూపించి, "చేయి బాగానే తిరిగింది, ఎవరు నేర్పారు?" అన్నారు. మా సార్ పేరు చెప్పాను. ఆ తర్వాత సర్ఫేస్ ప్లేట్ అనే చదునైన పలక మీద నీలి రంగు పూసి, ముక్కను దాని మీద జరిపి, రంగు అంటిన ఎత్తులను మాత్రమే గీకి తీయడం నేర్పించారు. మా ఐటీఐలో ఆ పాఠానికి పుస్తకంలో బొమ్మ ఉంది, రంగు డబ్బా లేదు.

అప్రెంటిస్‌షిప్‌లో ఉండగా 2024 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన చేసింది. 2,324 కోట్ల ఖర్చు అన్నారు. పెద్దాయనకు చెబితే, "మెషీన్లు వస్తాయి సరే, నేర్పేవాళ్లను ఎక్కడి నుంచి తెస్తారు?" అన్నారు. నాకు మెషీన్ల మీద పగ లేదు, కంప్యూటర్ నడిపే సీఎన్‌సీ మెషీన్ ముందు నిలబడాలని నాకూ ఉంది. కానీ మా సార్ రిటైరైతే ఆ బెంచీ దగ్గరకు ఎవరొస్తారో నేనూ ఆలోచించాను.

అప్రెంటిస్ పరీక్ష కూడా పాసయ్యాను. ఈసారి ఇంటిపేరు సరిగ్గానే పడింది. రైల్వేలో అన్నిటికంటే కింది స్థాయి అయిన లెవెల్ 1 ఖాళీలకు దరఖాస్తు పెట్టాను. ఈలోగా అదే కర్మాగారంలో పనిచేస్తున్నాను.

మొన్న మా పిన్ని కొడుకు ఐటీఐలో చేరతానంటే వెంట వెళ్లాను. వాడు నోటీసు బోర్డు దగ్గర ట్రేడుల జాబితా చదువుతున్నాడు. నేను వర్క్‌షాపు తలుపు తోసి లోపలికి వెళ్లి, ఒక్కొక్క వైస్ హ్యాండిల్ తిప్పి చూస్తూ లెక్కపెట్టాను. పద్దెనిమిది బిగుసుకున్నాయి. బయటికొచ్చి వాడితో, "ఫారం నింపు, ఇంటిపేరు మెమోలో ఎలా ఉందో అలాగే రాయి" అన్నాను.