పాట రాసినవారి గొంతులోనే పాట: బ్లూబర్డ్ కఫేలో ఒక సాయంత్రం

అమెరికాలో టెనసీ రాష్ట్రపు నాష్‌విల్ నగరంలో, హిల్స్‌బరో పైక్ రోడ్డు పక్కన, వరుసగా కట్టిన మామూలు దుకాణాల మధ్య, బ్లూబర్డ్ కఫే ఉంది. లోపల సుమారు 90 మందికే చోటు. 1982లో ఎమీ కర్లండ్ దీన్ని భోజనశాలగా తెరిచారు. క్రమేణా అది సొంతంగా పాటలు రాసుకుని, సొంతంగా బాణీ కట్టుకుని పాడేవారి నెలవుగా మారింది. 2008 నుంచి నాష్‌విల్ గీత రచయితల సంఘమే దీన్ని నడుపుతోంది. పాడుతున్నంతసేపూ శ్రోతలు మాట్లాడకూడదన్నది ఇక్కడ గట్టిగా పాటించే నియమం.

1985 ప్రాంతంలో ఇక్కడ మొదలైన ఒక పద్ధతి ఇప్పుడు దేశమంతటా పాకింది. నలుగురు రచయితలు వేదిక ఎక్కకుండా గది నడుమనే ఒకరికొకరు ఎదురుగా గుండ్రంగా కూర్చుని, వంతులవారీగా తమ పాటలు పాడతారు. శ్రోతల బల్లలు వారి చుట్టూ, చెయ్యి చాస్తే గిటారు తగిలేంత దగ్గరగా ఉంటాయి. ఒకరు పాడుతుంటే మిగిలిన ముగ్గురు ఊరికే కూర్చోరు. పాట తెలిసినవారు పల్లవిలో గొంతు కలుపుతారు, తెలియనివారు మొదటి చరణం విని రెండో చరణానికి గిటారుతో సన్నగా తోడవుతారు.

ఇటీవల నేనూ నా భార్యా వెళ్ళిన సాయంత్రం పాడిన నలుగురిలో ఎవరి పేరూ మాకు అంతకుముందు తెలియదు. వారిలో పెద్దాయన తూర్పు కెంటకీ బొగ్గు గనుల ప్రాంతం వారు. గని మూతపడ్డాక కూడా తెల్లవారుజామునే లేచి భోజనం డబ్బా సర్దుకునే తండ్రి గురించి ఆయన ఒక పాట పాడారు. పాడబోయే ముందు, అందులోని చివరి పాదం కుదరక ఏళ్ళ తరబడి ఆ పాటను పక్కన పెట్టానని చెప్పారు. ఆ మాట విన్నాక మేమందరం ఆ చివరి పాదం కోసమే ఎదురుచూస్తూ విన్నాం; తీరా అది వచ్చినప్పుడు అందులో ఉన్నవి చాలా మామూలు మాటలు, అయినా మరో మాట అక్కడ ఇమడదనిపించింది.

ఆయన గిటారు వాయించే తీరును దగ్గరగా చూసే అవకాశం నాకు దక్కింది. బొటనవేలు మంద్ర తీగల మీద అటూ ఇటూ మారుతూ లయను నిలబెడుతుంటే, మిగిలిన వేళ్ళు పై తీగల మీద బాణీ పలికిస్తాయి. కెంటకీ పశ్చిమ ప్రాంతపు మ్యూలన్‌బర్గ్ కౌంటీ వాద్యకారుల నుంచి వ్యాపించిన ఈ వాదన పద్ధతికి, అక్కడే పుట్టిన గిటారు వాద్యకారుడు మెర్ల్ ట్రావిస్ పేరు స్థిరపడింది. పెద్దాయన పక్కనున్న యువతి డోబ్రోను (లోహపు పళ్ళెం అమర్చిన ఒక రకం గిటారు) ఒళ్ళో పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జారిస్తూ వాయించింది. మన గోటువాద్యం విన్నవారికి ఆ గమకం పరాయిగా తోచదు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం ఆమె పాటించిన సంయమనం: గాయకుడు పాదం ముగించి ఊపిరి తీసుకునే ఆ కాస్త విరామంలోనే ఆమె స్వరం వినిపించేది, మాట మీద వాద్యం ఒక్కసారైనా పడలేదు.

ఇటువంటి సంగీతాన్ని ఇప్పుడు అమెరికానా అంటున్నారు. స్కాట్లాండ్, ఐర్లండ్ వలసదారుల ఫిడేలు, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్లు తమతో మోసుకొచ్చిన జ్ఞాపకం నుంచి పుట్టిన బాంజో, చర్చి పాట, నల్లజాతివారి బ్లూస్ పాట అన్నీ ఇందులో కలిసిపోయాయి. అమెరికా పల్లె పాటల నుంచి పెరిగిన ‘కంట్రీ’ సంగీతాన్ని వినిపించే పెద్ద రేడియో స్టేషన్లు ఇలాంటి పాటలకు చోటివ్వని రోజుల్లో, 1999లో, ఈ సంగీత రంగంవారు నాష్‌విల్‌లో తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారు; 2010 నుంచి గ్రామీల్లో దీనికి విడిగా ఆల్బమ్ పురస్కారం ఇస్తున్నారు.

గౌరవం పెరిగినంతగా రాబడి పెరగలేదు. సీడీగానో డౌన్‌లోడ్‌గానో ఒక కాపీ అమ్ముడైతే, ఐదు నిమిషాల లోపు పాటకు రాసినవారికి ఇవ్వాలని అమెరికా చట్టం నిర్ణయించిన రుసుము 2006 నుంచి 2022 దాకా 9.1 సెంట్ల దగ్గరే ఆగిపోయింది. 2023లో గానీ అది 12 సెంట్లకు చేరలేదు. ప్రచురణ సంస్థ ఉంటే అందులోనూ దానికి వాటా పోతుంది. అందువల్ల స్వతంత్రంగా రాసుకునేవారికి ఇటువంటి చిన్న గదులే ఆధారం. ప్రదర్శన అయ్యాక తలుపు దగ్గర ఆ పెద్దాయన చేతి నుంచే మేము సీడీ కొన్నాం.

రాసినవారే పాడటం మనకు కొత్త కాదు. వంగపండు, గద్దర్, గోరటి వెంకన్న తమ పాటను తామే కట్టి, తామే పాడి జనంలోకి తీసుకెళ్ళారు. అయితే ఇక్కడ అమెరికాలో మన తెలుగు సభల్లో స్పీకర్ల హోరులో సాహిత్యం మునిగిపోవడం, రాసినవారి పేరైనా చెప్పకుండా పాట మొదలుపెట్టడం నాకు ఎప్పుడూ బాధ కలిగిస్తుంది. మైకుల మోత లేకుండా, యాభై మంది కూర్చునే గదిలో, తెలుగులో కొత్తగా పాటలు రాస్తున్న నలుగురిని ఇలాగే గుండ్రంగా కూర్చోబెట్టి వినాలని నాకు గట్టిగా ఉంది. మా ఊళ్ళో గ్రంథాలయం వారి గది దొరుకుతుందేమో అడుగుతున్నాను. మీరు నాష్‌విల్ వెళ్తే బ్లూబర్డ్ టికెట్లు ముందుగానే చూసుకోండి, చాలా త్వరగా అయిపోతాయి. కుదిరితే సోమవారం వెళ్ళండి. ఆ రాత్రి ఓపెన్ మైక్, ఇంకా ఎవరికీ తెలియని రచయితలు పాడే రాత్రి.