సోలార్ సబ్సిడీ ఎక్కడ ఆగుతుందంటే

ఇంటి పైకప్పు మీద సోలార్ పెట్టుకుంటే కేంద్రం సబ్సిడీ ఇచ్చే పథకం పీఎం సూర్యఘర్. ఆ పేరు అనగానే అందరికీ గుర్తుండే అంకె ₹78,000. మొదటి రెండు కిలోవాట్లకు 30 వేల చొప్పున, మూడోదానికి 18 వేలు. ఆపైన 5 కిలోవాట్లు పెట్టినా కేంద్రం ఇచ్చేది అంతే.

ఆ డబ్బు ముందు చేతికి రాదు. ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ (వాడిన కరెంటునూ, లైన్‌కు పంపిన కరెంటునూ లెక్కించే మీటర్) పెట్టి, డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) తనిఖీ పూర్తయి, పథకం పోర్టల్‌లో కమిషనింగ్ రిపోర్టు, అంటే ప్లాంటు మొదలైందన్న నివేదిక, పడ్డాకే సబ్సిడీకి అడగాలి. అందాకా వెండర్‌కు సొంత డబ్బో, బ్యాంకు లోనో కట్టాల్సిందే.

ఎక్కువగా ఇరుక్కునేది పేరు దగ్గర. కరెంటు బిల్లు ఇంకా తాతగారి పేరునే వస్తుంటుంది, బ్యాంకు ఖాతా మనవడిది. దరఖాస్తుకు ముందే సర్వీసు పేరు మార్పించుకోండి, తర్వాత తిరగడం కంటే అదే నయం.

వెండర్ ఇచ్చే ధరల కొటేషన్‌లో ‘డీసీఆర్’ అని రాయించుకోండి. అంటే ప్యానెలే కాదు, లోపలి సెల్ కూడా మన దేశంలోనే తయారైనది. నాన్ డీసీఆర్ చవకే, కానీ సబ్సిడీ పైసా రాదు. నా ఉద్దేశంలో మోసం ఎక్కువ జరిగేది ఇక్కడే. బిగించే రోజు ప్యానెల్ వెనక స్టిక్కర్ మీది సీరియల్ నంబర్లు ఫొటో తీసిపెట్టుకోండి.

కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వేసుకోవచ్చు, ముసురు పట్టిన రోజుల్లో బాగా తగ్గుతుంది. వాటర్ ట్యాంకు నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా ఆ వరుస దిగుబడి దెబ్బతింటుంది.

బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ (కరెంటు లైన్‌కు కలిపి నడిచే) ఇన్వర్టర్ కరెంటు పోగానే ఆగిపోతుంది. అది లోపం కాదు, మన ప్యానెళ్ల కరెంటు లైన్‌లోకి వెళ్లకుండా, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటు.

బిల్లు సున్నా అవుతుందనీ అనుకోవద్దు, ఫిక్స్‌డ్ ఛార్జీలు వస్తూనే ఉంటాయి.