చెయ్యి వచ్చింది, మనసు రాలేదు

పక్షవాతం వచ్చిన రోజు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మూతి వంకర పోయింది, ఎడమ చెయ్యీ కాలూ పడిపోయాయి. మా ఆయన క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్లారు. మెదడులోని రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలట, పడింది. ఆ పూట ఎమర్జెన్సీలో నా కోసం పరుగులు పెట్టినవాళ్లకి జన్మంతా రుణపడి ఉంటాను. స్కానులు, సెలైన్లు, ఐసీయూ అందరికీ ఉండేవే. అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది.

వాకర్ పట్టుకుని నాలుగడుగులు వేస్తూనే ఇంటికొచ్చాను. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి చేయించేది. మొదట్లో బుద్ధిగానే చేశాను. రానురాను ఆ అమ్మాయి బెల్ కొడితేనే టెన్షన్. నిద్రపోతున్నట్టు కళ్లు మూసుకునేదాన్ని. ఎడమ చేతివేళ్లు కొద్దికొద్దిగా విచ్చుకుంటున్నా ఎవరికీ చూపించాలనిపించేది కాదు.

అప్పుడే మా ఆడపడుచు చూడ్డానికి వచ్చింది. వెళ్తూ వెళ్తూ, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ మా ఆయనతో అంది, "వదిన సుఖం మరిగినట్టుంది అన్నయ్యా. నువ్వన్నీ మంచం దగ్గరికే అందిస్తుంటే ఎందుకు లేస్తుంది?" స్ట్రోక్ నా చెవులకి రాలేదన్న సంగతి ఆవిడకి తట్టలేదు. మా ఆయన ఏమీ అనలేదు. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆ రాత్రి మెలకువ వచ్చింది. గొంతు ఎండిపోతోంది. మంచం పక్కన స్టూలు మీద గ్లాసులో నీళ్లున్నాయి. నా కుడివైపే. కుడిచేతికి ఏ జబ్బూ లేదు, చాపితే అందుతుంది. చాపాలనిపించడం లేదు. దాహం తెలుస్తోంది, గ్లాసు కనిపిస్తోంది, ఆ రెంటికీ మధ్య ఏదీ కదలడం లేదు. చిన్నగా దగ్గినా మా ఆయన లేస్తారు. దగ్గాలనీ అనిపించలేదు. చెయ్యి పడిపోయిన రోజున కూడా నేనంత భయపడలేదు. ఆ రోజు చెయ్యి మాట వినలేదు, అంతే. ఈ రాత్రి లోపల ఆ మాట చెప్పేవాళ్లే లేరు. తెల్లారకపోతే బాగుండునని కూడా అనుకున్నాను. తెల్లారేదాకా ఆ గ్లాసు వంకే చూస్తూ పడుకున్నాను.

ఆ తర్వాత రివ్యూకి వెళ్తే పెద్ద డాక్టరుగారు రిపోర్టులు తిరగేసి, "ఇంప్రూవ్‌మెంట్ బ్రహ్మాండంగా ఉంది. కాస్త విల్ పవర్ పెంచుకోవాలమ్మా" అన్నారు. నిద్ర ఎలా ఉంది, ఆకలి వేస్తోందా, ఒక్క ప్రశ్న లేదు. మెదడును అంత బాగా చూసినాయన మనిషి ముఖం వైపు తల ఎత్తనేలేదు. ఆయన మీద కోపం నాకింకా పోలేదు, పోగొట్టుకునే ఉద్దేశమూ లేదు.

కనిపెట్టింది ఫిజియో అమ్మాయే. ఒకరోజు వ్యాయామాలు పక్కన పెట్టి, "ఆంటీ, చెయ్యి సంగతి తర్వాత. రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అని అడిగింది. అంతే, భోరుమన్నాను. సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లమని మా ఆయనకి గట్టిగా చెప్పింది కూడా ఆ పిల్లే.

ఆ డాక్టరు తొమ్మిది ప్రశ్నల కాగితం ఇచ్చి, గత రెండు వారాల్లో ఎలా ఉందో టిక్కులు పెట్టమన్నారు. స్ట్రోక్ వచ్చినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఏదో ఒక దశలో డిప్రెషన్ వస్తుందనీ, మెదడుకి తగిలిన దెబ్బా, ఒక్కసారిగా చేజారిన జీవితమూ రెండూ కారణమేననీ చెప్పారు. విల్ పవర్ ఊసే ఎత్తలేదు. ఫ్లూఆక్సెటిన్ అని డిప్రెషన్‌కి వాడే మందు రాశారు. దీనితో చెయ్యి కూడా తొందరగా వస్తుందా అని అడిగాను. "ఒకప్పుడు ఆ ఆశ ఉండేదమ్మా. ఈ మందు మీద 3,000 మందికి పైగా స్ట్రోక్ పేషెంట్లతో చేసిన ఫోకస్ అనే అధ్యయనం 2018లో వచ్చింది. దిగులు తగ్గింది కానీ కాళ్లూచేతుల విషయంలో తేడా లేదు. పైగా ఎముకలు విరగడం కొంచెం ఎక్కువైంది, పడిపోకుండా చూసుకోండి" అన్నారు. ఉన్నదున్నట్టు చెప్పినందుకే ఆయన మీద గురి కుదిరింది.

మందు పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు. ఫిజియో అమ్మాయి అప్పటిదాకా ఆగలేదు. "మూడ్ వచ్చాక చేద్దామనుకోకండి ఆంటీ, మొదలుపెడితే అదే వస్తుంది" అని లెక్కపెట్టి చేయించే వ్యాయామాలు తగ్గించి, ఆరిన తువాళ్లు ముందు పడేసింది. ఎడమ చేత్తో ఒక మూల నొక్కిపట్టి కుడిచేత్తో మడవాలి. మూల జారిపోయేది. మళ్లీ పట్టుకోవాలి. విసుగొచ్చి ఒకరోజు తువాలు విసిరికొట్టాను. "కోపం వచ్చిందంటే మంచిదే" అని నవ్వింది. నిజమే, చాలాకాలానికి వచ్చింది నాకు కోపం.

మా అత్తగారు అంతా దేవుడి దయ అంటారు. కాదనను, ఆ పిల్లని మా ఇంటికి పంపింది ఆయనే అయ్యుండాలి.

స్ట్రోక్ వచ్చినవాళ్లు ఇంట్లో ఉంటే, వ్యాయామం చెయ్యనంటున్నారని తిట్టకండి. నిద్ర, ఆకలి, ఇష్టమైనవాటి మీద ధ్యాస ఎలా ఉన్నాయో అడగండి. డాక్టరు అడగకపోతే మీరే చెప్పండి. చనిపోవాలనిపిస్తోందని మాట జారితే మాత్రం రివ్యూ దాకా ఆగొద్దు, ఆ రోజే తీసుకెళ్లండి. కాస్త తేరుకోగానే మాత్రలు మీ అంతట మీరు ఆపెయ్యకండి.

మొన్న మా ఆడపడుచు ఫోన్ చేసి ఏదో అన్నట్టుంది. "అది బద్ధకం కాదమ్మా, జబ్బు" అంటున్నారు మా ఆయన. నాకు రాత్రింబవళ్లు చాకిరీ చేసిన మనిషి, నేనేం అనగలను! కానీ ఆ ముక్క ఆ రోజు గుమ్మం దగ్గరే అని ఉండాల్సింది.