రాత్రి ముఖం కనిపించే కెమెరా

పర్లాకిమిడిలో మా పెరట్లోంచి గత నెల రెండు ధాన్యం బస్తాలు పోయాయి. కెమెరా ఉంది, రికార్డింగూ ఉంది. తీరా చూస్తే మనిషి ముఖం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ, నడుస్తుంటే సాగిపోయిన ఆకారం. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

ఎనిమిది మెగాపిక్సెల్ అని మురిసి కొన్నాం. వెలుతురుని పట్టే సెన్సర్ చిన్నదైతే, బొమ్మని కూర్చే చుక్కలు, అంటే పిక్సెల్స్, పెరిగేకొద్దీ ఒక్కోదానికి అందే వెలుతురు తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి కెమెరా షట్టర్‌ని ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. అందుకే కదిలే మనిషి అలుక్కుపోయినట్టు పడతాడు. పైగా చూరు కింద గోడకి ఆనించి బిగించాం, చీకట్లో చూడ్డానికి కెమెరా వేసే ఇన్‌ఫ్రారెడ్ వెలుగు గోడకి తగిలి తిరిగి లెన్సులోకే వచ్చింది. సాలెగూడు పట్టినా ఇంతే.

ఈసారి నాలుగు మెగాపిక్సెల్, పెద్ద సెన్సర్, ఎఫ్ 1.0 లెన్సు తీసుకున్నాను. ఎఫ్ అంకె ఎంత తక్కువైతే లెన్సు అంత వెడల్పుగా తెరుచుకుంటుంది; ఎఫ్ 2.0 కంటే ఇది నాలుగు రెట్లు వెలుతురు తీసుకుంటుంది. ఇన్‌ఫ్రారెడ్‌లో 850 నానోమీటర్లది దగ్గరికెళితే లేత ఎరుపుగా కనిపిస్తుంది, 940ది కనిపించదు కానీ అంత దూరం చూడలేదు. పెరడు పెద్దది కాబట్టి 850దే మేలనుకున్నాను.

దయచేసి షాపులో లైట్ల కింద చూసి కొనకండి. చీకట్లో మనిషి నడుస్తున్న వీడియో చూపించమని అడగండి. ఆగిన బొమ్మ ఏ కెమెరాలోనైనా బాగానే ఉంటుంది.

పొద్దున అమ్మ ఫోన్‌లో రాత్రి రికార్డింగ్ చూసి, "నూతి గట్టు మీద బిందె కూడా తెలుస్తోందిరా" అంది.