నలభై ఏళ్ల తర్వాత మళ్లీ ఆ నలుగురు

స్వీడన్ పాప్ బృందం అబ్బా (ABBA) చేసిన ‘వాయేజ్’ ఆల్బమ్‌ను ఈ రాత్రి మధ్యలో ఆపకుండా విన్నాను. 1981 నాటి ‘ద విజిటర్స్’ తర్వాత ఆ నలుగురి కొత్త ఆల్బమ్ 2021 నవంబరులో గానీ రాలేదు.

మొదటి పాటలో గాయని ఫ్రీడా గొంతు వినగానే ఒళ్లు పులకరించింది. స్థాయి కాస్త దిగింది, బరువెక్కింది. డెబ్బై దాటిన వయసును దాచాలన్న తాపత్రయమే లేదు. మరో గాయని ఆగ్నేతా వచ్చి గొంతు కలిపే చోట మాత్రం పాత మెరుపు అలాగే ఉంది.

‘జస్ట్ ఎ నోషన్’ మరీ చిత్రం. అందులోని గానం 1978లో రికార్డు చేసినది. దానికి బృందంలోని బెన్నీ ఇప్పుడు కొత్తగా వాద్యాలు కూర్చాడు. వెంటనే వచ్చే పాటను అదే ఆగ్నేతా నలభై ఏళ్లు పైబడిన అనుభవంతో పాడుతుంది. రెండూ వరసగా వింటుంటే కళ్లు చెమర్చాయి.

క్రిస్మస్ పాటలో తీపి కొంచెం ఎక్కువైంది, నా మటుకు. కానీ ‘కీప్ యాన్ ఐ ఆన్ డాన్’ వినండి. విడిపోయిన భర్తకు వారాంతానికి బిడ్డను అప్పగించి వెళ్లే తల్లి పాట అది. ఒకప్పుడు రెండు జంటలుగా ఉండి, విడాకులు తీసుకున్న ఈ నలుగురూ మళ్లీ ఒకచోట చేరి ఆ పాట చేశారంటే వాళ్లమీద ప్రేమ ఇంకా పెరిగింది. రేపు అమ్మకు కూడా వినిపిస్తాను.