పాత బ్యాకప్‌లోంచి నాన్న మెయిళ్ళు: నా అనుభవం

"నాన్న రాసిన మెయిళ్ళన్నీ నీ దగ్గరే ఉన్నాయి కదరా, నాకూ పంపవా?" అని అక్క అడిగితే ఉన్నాయనే చెప్పాను. 2014లో నా పాత కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టినప్పుడు, యూజర్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి పెట్టుకున్నాను. ఆ డిస్కు బీరువాలో భద్రంగా ఉంది. కానీ ఇన్నేళ్ళలో ఒక్కసారైనా దాన్ని తెరిచి చూడలేదు.

ఆ మెయిళ్ళు ఇంకెక్కడా లేవు. అప్పట్లో థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో, మెయిల్‌ను సర్వర్ నుంచి మన కంప్యూటర్‌లోకి తెచ్చే పాప్ పద్ధతిలో దించుకునేవాణ్ణి. సర్వర్‌లో కూడా ఒక కాపీ ఉంచమని టిక్కు పెట్టుకోకపోతే, దించుకున్న మెయిల్ అక్కడ చెరిగిపోతుంది. మెయిల్‌బాక్స్ ఊరికే నిండిపోతోందని నేను ఆ టిక్కు తీసేశాను. అంటే 2006 నుంచి 2012 దాకా నాన్న నాకు రాసినవన్నీ మొదట ఆ ఒక్క కంప్యూటర్‌లో, తర్వాత ఈ ఒక్క డిస్కులోనే ఉన్నాయి. ఆ మాట తట్టగానే నాకు టెన్షన్ మొదలైంది.

డిస్కు తగిలించగానే ముందు చేసిన పని, అందులో ఉన్నదంతా ఇప్పటి కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని డిస్కు తీసి పక్కన పెట్టేయడం. ఇకపై ఏ ప్రయోగం చేసినా కాపీ మీదే. ఈ ఒక్క జాగ్రత్త తీసుకోకపోయి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. ఎందుకో ముందుముందు తెలుస్తుంది.

మెయిళ్ళు ఎక్కడుంటాయో వెతకడానికే ఒక సాయంత్రం పట్టింది. మై డాక్యుమెంట్స్‌లో ఉండవు. యూజర్ ఫోల్డర్‌లో యాప్‌డేటా, దాంట్లో రోమింగ్, దాంట్లో థండర్‌బర్డ్, దాంట్లో ప్రొఫైల్స్. ఈ యాప్‌డేటా మామూలుగా కంటికి కనపడదు, విండోస్‌లో దాచిన ఫైళ్ళను చూపించమని చెప్పుకోవాలి. అది తెలియక కాసేపు, అసలు మెయిళ్ళు బ్యాకప్‌లోకే రాలేదనుకుని కూలబడిపోయాను. కనపడ్డాక చూస్తే రెండు ప్రొఫైళ్ళు, రెండింటికీ అర్థం లేని అక్షరాల పేర్లు. ఒకటి కొన్ని కిలోబైట్లే ఉంది. రెండోదాంట్లో మెయిల్ అనే ఫోల్డర్, దాని లోపల ఇన్‌బాక్స్ అనే ఫైలు ఉన్నాయి. ఆ ఫైలుకు ఎక్స్‌టెన్షన్ లేదు, సైజు 1.1 జీబీ. ప్రాణం లేచొచ్చింది.

థండర్‌బర్డ్ అప్పట్లో ఒక ఫోల్డర్‌లోని మెయిళ్ళన్నిటినీ ఒకే ఫైలులో వరుసగా రాసుకునేది. దీన్ని ఎంబాక్స్ అంటారు. ఇది ఉత్త టెక్స్ట్ ఫైలే. ప్రతి మెయిల్ మొదట్లో ఫ్రమ్ అనే మాటతో ఒక లైను ఉంటుంది, కొత్త మెయిల్ అక్కడ మొదలైనట్టు లెక్క. పక్కనే అదే పేరుతో .ఎంఎస్ఎఫ్ అని ఇంకో చిన్న ఫైలుంటుంది. అది సూచిక మాత్రమే. పోయినా మళ్ళీ తయారవుతుంది. ఎంబాక్స్ పోతే మాత్రం మెయిళ్ళు పోయినట్టే.

తిరిగి ఎక్కించడం నేను భయపడినంత కష్టం కాలేదు. ఇప్పటి థండర్‌బర్డ్‌ను పూర్తిగా మూసేసి, పాత ఇన్‌బాక్స్ ఫైలుకు వేరే పేరు పెట్టి, లోకల్ ఫోల్డర్స్ అనే చోట వేశాను. పేరు మార్చకపోతే, అక్కడ అప్పటికే ఇన్‌బాక్స్ ఉంటే దాని మీద పడి తుడిచేస్తుంది. పాత ఎంఎస్ఎఫ్‌ను తేలేదు. మళ్ళీ తెరిచేసరికి ఎడమవైపు కొత్త ఫోల్డర్ కనిపించింది. నొక్కితే కాసేపు ఆలోచించి, 2006 నాటి మెయిళ్ళు బిలబిలమంటూ వచ్చాయి. పాత ఆఫీసు మెయిళ్ళు, స్నేహితుల పెళ్ళి పిలుపులు, ఏవేవో ప్రకటనలు.

నాన్నవి లేవు.

అప్పుడు గుర్తొచ్చింది. నాన్న మెయిళ్ళను ఇన్‌బాక్స్‌లోంచి తీసి విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టుకునేవాణ్ణి. బ్యాకప్‌లో చూస్తే ఆ ఫోల్డర్ తాలూకు ఎంఎస్ఎఫ్ ఉంది, ఎంబాక్స్ లేదు. 2014లో కాపీ చేస్తున్న రోజున పాత కంప్యూటర్ ఒకచోట ఆగిపోయి, ఈ ఫైలు చదవలేకపోతున్నాను, ఏం చేయమంటావని అడిగింది. పోతే పోనీ అని స్కిప్ నొక్కేశాను. ఏ ఫైలో పేరు కూడా చదవలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

దారి అనుకోకుండా దొరికింది. మర్నాడు థండర్‌బర్డ్ తెరవగానే, ఫోల్డర్లను కాంపాక్ట్ చేస్తే చోటు మిగులుతుంది, చేయమంటావా అని అడిగింది. పరధ్యానంగా సరేనన్నాను. 1.1 జీబీ ఫైలు కాస్తా 700 ఎంబీ అయింది. అయితే ఆ 400 ఎంబీ ఏమిటి?

వెతికి చదివితే విషయం తెలిసింది. ఎంబాక్స్‌లోంచి ఒక మెయిల్‌ను తీసేసినా, వేరే ఫోల్డర్‌కు మార్చినా, అది అక్కడి నుంచి వెంటనే చెరిగిపోదు. తీసేసినట్టు ఒక గుర్తు పడుతుంది, అంతే. కాంపాక్ట్ చేసినప్పుడే నిజంగా పోతుంది. అంటే నేను ఇన్‌బాక్స్‌లోంచి పక్కకు మార్చిన నాన్న మెయిళ్ళు ఇన్‌బాక్స్ ఫైలులోనే కనపడకుండా పడి ఉన్నాయేమో! వాటిని నా చేత్తో నేనే ఇప్పుడు తుడిచేశాను. కానీ తుడిచింది కాపీని. డిస్కు ఇంకా బీరువాలో ఉంది.

దాంట్లోంచి ఇంకో కాపీ తీసి, ఈసారి పెద్ద ఫైళ్ళు తెరవగల టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచాను. మామూలు నోట్‌ప్యాడ్ ఈ బరువు మోయలేకపోయింది. ముందుగా "నాన్న" అని తెలుగులో వెతికాను. ఒక్కటీ దొరకలేదు. మళ్ళీ నీరసపడ్డాను గానీ, కారణం వేరే ఉంది. తెలుగు అక్షరాలు మెయిల్‌లో చాలాసార్లు ఉన్నవి ఉన్నట్టుగా వెళ్ళవు. కంప్యూటర్ అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి 3 బైట్లు పడతాయి. దారిలో చెడిపోకుండా ఒక్కో బైటును ఒక సమానం గుర్తు, రెండు అంకెలో అక్షరాలో కలిపి రాస్తారు. అంటే "న" అనే ఒక్క అక్షరం ఫైలులో 9 గుర్తులవుతుంది. అక్కడ "నాన్న" అని వెతికితే ఎలా దొరుకుతుంది? నాన్న మెయిల్ అడ్రసు మాత్రం ఇంగ్లీషులోనే ఉంటుంది కదా, దాన్ని పెట్టి వెతికాను. ఒకటి తర్వాత ఒకటి వస్తూనే ఉన్నాయి. ఆ సమానం గుర్తుల గుంపు మధ్యలో నాన్న పేరు కనిపించగానే కళ్ళు తడిశాయి.

ప్రతి మెయిల్ తలభాగంలో ఎక్స్-మొజిల్లా-స్టేటస్ అని ఒక లైను, దాని పక్కన నాలుగు స్థానాల అంకె ఉంటాయి. చదివిన మెయిల్‌కు 1, జవాబిచ్చినదానికి 2, నక్షత్రం పెట్టుకున్నదానికి 4, తీసేసినదానికి 8. ఏవి వర్తిస్తే అవి కూడతారు. చదివి తీసేసినది 0009. చదివి, జవాబిచ్చి, తీసేసినది 11 అవ్వాలి, పదికి ఏ, పదకొండుకు బి అని రాసే పదహారు అంకెల పద్ధతిలో దాన్ని 000బి అని రాస్తారు. నాన్నవి చాలావరకు 000బి ఉన్నాయి. ఆయన రాసినవాటిలో చాలావాటికి నేను జవాబు రాశానన్నమాట. ఆ సంగతి నాకే గుర్తు లేదు.

ఇక పని తేలిక. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో 0009 ఉన్నచోట 0001, 000బి ఉన్నచోట 0003, 0008 ఉన్నచోట 0000. స్టేటస్ అనే మాటతో కలిపే మార్చాలి, ఒట్టి అంకెను మారిస్తే మెయిళ్ళ లోపలి రాతలు పాడైపోతాయి. సేవ్ చేసి, ముందులాగే లోకల్ ఫోల్డర్స్‌లో వేసి తెరిచాను. ఎప్పుడో తీసేసిన చెత్త కూడా లేచొచ్చింది, దాంతోపాటు నాన్న కూడా.

మొదటి రెండేళ్ళవి ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. తర్వాత ఎవరో చెబితే, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు లిపిలోకి మార్చే లేఖిని వాడటం నేర్చుకున్నారు. అందులో టైపు చేసి, కాపీ తీసి మెయిల్‌లో అతికించేవారు. తెలుగు లిపిలో వచ్చిన మొదటి మెయిల్‌లో రెండే వాక్యాలున్నాయి: "ఇది నీకు తెలుగులోనే కనపడుతోందా? గళ్ళు గళ్ళుగా వస్తే చెప్పు." కొన్ని పిచ్చి గుర్తులుగా కనిపించాయి గానీ, మెనూలో ఎన్‌కోడింగ్ సరిచేసే ఆప్షన్ నొక్కితే సర్దుకున్నాయి.

అన్నీ వచ్చాయో లేదో తేల్చుకోవడానికి ఆ అనాథ ఎంఎస్ఎఫ్ పనికొచ్చింది. దాన్ని టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిస్తే కుండలీకరణాలూ గుర్తుల అడవిలా ఉంటుంది, కానీ ప్రతి మెయిల్ సబ్జెక్టూ, దాని మెసేజ్ ఐడీ (ఒక్కో మెయిల్‌కు విడిగా ఉండే గుర్తింపు) అందులో ఉంటాయి. కాగితం మీద వరుసగా రాసుకుని ఒక్కో ఐడీనే ఇన్‌బాక్స్‌లో వెతికాను. మూడు రాత్రులు పట్టింది. మొత్తం 143లో 131 దొరికాయి. మిగతావి ఎప్పుడో కాంపాక్ట్‌లో కొట్టుకుపోయి ఉంటాయి. అప్పుడు సెంట్ ఫోల్డర్ గుర్తొచ్చింది. జవాబు రాసినప్పుడు అవతలివాళ్ళ మెయిల్ కింద అలాగే ఉండిపోతుంది కదా. అలా ఇంకో 9 మెయిళ్ళ పాఠం, ప్రతి లైను ముందూ ఒక బాణం గుర్తుతో, నా జవాబుల అడుగున దొరికింది. వాటికి జోడించిన ఫోటోలు మాత్రం రాలేదు.

మూడు దొరకలేదు. వాటి సబ్జెక్టులు మాత్రమే ఉన్నాయి, ఒకదానికి "మీ అక్క సంగతి" అని.

థండర్‌బర్డ్‌కు తగిలించుకునే ఇంపోర్ట్ఎక్స్‌పోర్ట్‌టూల్స్ ఎన్‌జీ అనే యాడ్-ఆన్‌తో ప్రతి మెయిల్‌నూ విడి ఫైలుగా తీసి, ఒక కాపీ ఇంకో డిస్కులో పెట్టి, అక్కకు పంపాను. ఆ మూడు సబ్జెక్టులనూ ఒక టెక్స్ట్ ఫైలులో రాసి దాంతోనే జత చేశాను. రాత్రి పదకొండింటికి అక్క ఫోన్ చేసింది. ఆమెకు కూడా నాన్న చాలా మెయిళ్ళు రాసేవారు. "నా పాత ల్యాప్‌టాప్ అటక మీద ఉందిరా, ఆన్ చెయ్యనా?" అంది. వద్దు, ఆన్ చెయ్యకు, నేను వచ్చి ముందు డిస్కు కాపీ తీస్తానని చెప్పాను.